ఎనిమిది డాలర్లలో మంచి సిగార్: న్యూజెర్సీలో నా అనుభవం

పెన్సిల్వేనియాలో ఉన్నన్నాళ్ళూ సిగార్ ధర గురించి నేను పెద్దగా ఆలోచించలేదు. మేముండే బెత్లెహేమ్ చుట్టుపక్కలే, అమెరికా అంతటికీ పోస్టులో సిగార్లు పంపే పెద్ద వ్యాపారాలు ఉన్నాయి. పెద్ద సిగార్ల మీద ప్రత్యేక రాష్ట్ర పన్ను లేకపోవడం వాటికి అక్కడ బాగా కలిసివచ్చింది. 2016లో ఆ రాష్ట్రం పైపు పొగాకు, నమిలే పొగాకు, నశ్యం మీద ఔన్సుకు 55 సెంట్ల పన్ను వేసినప్పుడు కూడా సిగార్ల జోలికి పోలేదు. వారాంతంలో దుకాణానికి వెళ్ళి నాకు నచ్చినవి నాలుగు ఏరుకుని వచ్చేవాణ్ణి.

ఉద్యోగరీత్యా న్యూజెర్సీలోని ఎడిసన్‌కు వచ్చాక అదే సిగార్, అదే పెట్టె, అదే కాగితపు పట్టీ; ధర మాత్రం ఎక్కువ. తెలుగువాళ్ళకు ఈ ఊరి గురించి చెప్పనక్కర్లేదు. ఓక్‌ట్రీ రోడ్డులో గోంగూర దొరుకుతుంది, ములక్కాడ దొరుకుతుంది. అందుబాటు ధరలో మంచి సిగార్ ఎక్కడ దొరుకుతుందో చెప్పేవాళ్ళు మాత్రం నాకు కనిపించలేదు. అందుకే నేను తెలుసుకున్నది కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ధర సంగతి. న్యూజెర్సీ ప్రభుత్వం సిగార్ల మీద టోకు ధరలో 30 శాతం పన్ను తీసుకుంటుంది. పంపిణీదారు దాన్ని దుకాణానికి వేసే బిల్లులో కలుపుతాడు. ఆపైన అమ్మకపు పన్ను 6.625 శాతం. దుకాణదారు మూడున్నర డాలర్లకు కొన్న సిగార్‌ను ఏడు డాలర్లకు అమ్ముతారనుకుందాం. ఈ వ్యాపారంలో కొన్న ధరకు రెట్టింపు వేయడం పాత ఆనవాయితీ. అద్దె, జీతాలు, కరెంటు అన్నీ అందులోంచే రావాలి. పెన్సిల్వేనియాలో 6 శాతం అమ్మకపు పన్నుతో అది 7 డాలర్ల 42 సెంట్లు. ఇక్కడ టోకు పన్ను 1 డాలరు 5 సెంట్లు కలిసి, దాని మీద అమ్మకపు పన్ను పడి, 8 డాలర్ల 58 సెంట్లవుతుంది. పెరిగిన ఆ మొత్తంలో దుకాణదారుకు దక్కేది ఒక్క సెంటు కూడా లేదు. ఫెడరల్ ఎక్సైజు సుంకం వేరే ఉంది కానీ అది సిగార్‌కు సుమారు 40 సెంట్ల దగ్గర ఆగిపోతుంది, పైగా దేశమంతటికీ ఒకటే. తేడా అంతా రాష్ట్ర పన్నులోనే ఉంది. డెలావేర్ నదికి అవతలి ఒడ్డున ఉన్న పెన్సిల్వేనియాలో ఈ పన్ను లేకుండా వేల పెట్టెలు అమ్మేవాళ్ళతో, ఇవతలి ఒడ్డున ఒక చిన్న దుకాణం పోటీపడవలసిన పరిస్థితి ఇది. ధర ఎక్కువని దుకాణదారును తప్పుపట్టేవాళ్ళు ముందు ఈ లెక్క చూడాలి.

చవకగా కావాలంటే పెట్రోలు బంకులో దొరుకుతాయి కదా అంటారు కొందరు. అక్కడ దొరికేవి చాలావరకు యంత్రం మీద చేసినవి. లోపల నలగ్గొట్టిన పొగాకు ముక్కలు, వాటిని పట్టి ఉంచడానికి పొగాకు పొడిని నీటితో కలిపి కాగితంలా పరిచిన పలక, పైన తీపి పూత. చేత్తో చుట్టిన సిగార్ అలా ఉండదు. పొడవాటి ఆకులను మడిచి లోపల పెడతారు, వాటిని ఒక కట్టు ఆకుతో బిగిస్తారు, చివరగా మచ్చలేని సన్నటి పై ఆకు చుడతారు. మూడూ ఆకులే, మధ్యలో కాగితం ఉండదు. కొనేముందు చివర వైపు చూస్తే తెలిసిపోతుంది. ఆకులు మడతలు మడతలుగా పొడుగ్గా లోపలికి పోతూ కనిపిస్తే మంచిది. టీపొడిలా రాలుతుంటే ముక్కలతో నింపినది.

ఈ చూపు నాకు మా ఇంట్లోనే వచ్చింది. మాది గోదావరి లంకల ప్రాంతం. వరద తీశాక మిగిలే ఒండ్రులో పండే లంక పొగాకు చుట్టకు పెట్టింది పేరు. 1947లో రాజమండ్రిలో మొదలైన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ సిగరెట్లకు వాడే వర్జీనియా పొగాకుతోపాటు ఈ ఆకు మీద కూడా పనిచేసింది. మా తాతయ్య ఆకు ఈనె తీసి, కాస్త తడి చల్లి, ముడతలు సాపుచేసి చుట్ట చుట్టుకునేవారు. ఆకు సరిగా మగ్గలేదంటే ముట్టుకునేవారు కాదు. మగ్గిన ఆకు వాసన వేరు, ఘాటు వేరు. నికరాగువాలోనో డొమినికన్ రిపబ్లిక్‌లోనో సిగార్ ఆకును పెద్ద పెద్ద కుప్పలుగా వేసి, లోపలి వేడిని చూస్తూ, నెలల తరబడి తిరగవేసి మగ్గబెడతారని తరవాత తెలుసుకున్నాను. అన్నానికి కొత్త బియ్యానికీ పాత బియ్యానికీ ఎంత తేడా ఉంటుందో, తొందరపడి చుట్టిన సిగార్‌కూ ఆకును నిలవచేసి చుట్టినదానికీ అంత తేడా ఉంటుంది. ఖరీదైన సిగార్‌లో మనం డబ్బు పెట్టేది చాలావరకు ఆ నిలవ కాలానికే.

అయితే చవకైన మంచి సిగార్ అసలు ఉంటుందా? ఉంటుంది. అది ఎక్కడ ఉంటుందో పెర్త్ అంబాయ్ వైపు ఒక చిన్న దుకాణంలో తెలిసింది. బయట నుంచి చూస్తే సాదాసీదా గది. లోపలికి వెళ్తే గాజు తలుపు వెనక స్పానిష్ సెడార్ చెక్క అరలతో మరో గది. దాన్ని హ్యూమిడార్ అంటారు. తలుపు తీయగానే చెక్క, ఆకు, తేమ కలిసిన వాసన. గోడ మీద తేమను కొలిచే పరికరం 68 శాతం దగ్గర నిలబడి ఉంది. అది చూడగానే నాకు నమ్మకం కలిగింది. తేమను పట్టించుకోని దుకాణంలో ఎంత గొప్ప పేరున్న సిగార్ కొన్నా డబ్బు దండగే.

యజమాని అరవై దాటిన మనిషి, డొమినికన్ రిపబ్లిక్‌లోని శాంటియాగో నుంచి వచ్చారు. వాళ్ళమ్మ అక్కడి ఫ్యాక్టరీలో ఆకును రంగు ప్రకారం వేరుచేసే పని చేసేవారట. నేను ఆయన్ని మనసులో పెద్దాయన అనే అనుకుంటాను. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన ఏ పేరూ చెప్పలేదు, ఏ పెట్టే చూపించలేదు. మూడు ప్రశ్నలు అడిగారు.

“ఎంతసేపు కూర్చుంటారు? ఏం తిని వచ్చారు? ఎంత ఖర్చు పెట్టాలనుకున్నారు?”

“ముప్పావుగంట. భోజనం చేసే వచ్చాను. ఎనిమిది డాలర్లు దాటకూడదు” అన్నాను.

మూడో జవాబు చెప్పడానికి మనవాళ్ళు చాలామంది మొహమాటపడతారు. దుకాణదారు చిన్నచూపు చూస్తాడేమోనని భయం. మంచి దుకాణదారుకు ఆ అంకె కావాలి. అది చెబితేనే ఆయన పని మొదలవుతుంది. పెద్దాయన కళ్ళకు ఎదురుగా ఉన్న అరను వదిలేసి కిందికి వంగారు. ఖరీదైనవి, కొత్తగా విడుదలైనవి కళ్ళ ఎత్తులో పెడతారు. రోజూ కాల్చేవాళ్ళు కొనుక్కునేవి కాళ్ళ దగ్గర ఉంటాయి.

అక్కడి నుంచి ఆయన తీసి చూపినవాటిలో బ్రిక్ హౌస్ ఒకటి. దాన్ని తయారుచేయించే న్యూమన్ కుటుంబం 1895లో క్లీవ్‌లాండ్‌లో వ్యాపారం మొదలుపెట్టి, తరవాత ఫ్లోరిడాలోని టాంపాకు మారింది. బ్రిక్ హౌస్‌ను మాత్రం నికరాగువాలోని ఎస్టెలీలో చుడతారు. పొడవాటి ఆకు, ఈక్వడార్ పై ఆకు, పొందికైన తయారీ. అదే కుటుంబం అమ్మే క్వోరమ్ ఇంకా చవక, కట్టలుగా వస్తుంది. 1912లో మొదలైన ఆర్టురో ఫ్యుయెంటే కుటుంబం ఖరీదైన సిగార్లకు ప్రసిద్ధి. వాళ్ళ కర్లీ హెడ్ మాత్రం కొన్ని డాలర్లకే దొరుకుతుంది. ఆ కుటుంబపు ఫ్యాక్టరీలో పెద్ద సిగార్లు చుట్టగా మిగిలిన తునకలు ఇలాంటివాటిలోకి వెళతాయని పెద్దాయన చెప్పారు. తునకలైనా ఆకు మంచిదే కాబట్టి రుచికి లోటు ఉండదు. కాస్త త్వరగా కాలుతుంది, వేడెక్కుతుంది, మెల్లగా కాల్చాలి. తోట పని చేసుకుంటూ కాల్చేవాళ్ళకు అది చాలు. నాకు మొదటి రోజు ఇచ్చింది బ్రిక్ హౌస్.

తరవాత వెళ్ళినప్పుడు సైజు గురించి చెప్పారు. నాకు బాగా పనికొచ్చిన పాఠం ఇదే. సిగార్ లావును అంగుళంలో 64వ వంతుల్లో కొలుస్తారు. 50 అంటే అంగుళంలో 64కు 50 వంతులు. ఈ రోజుల్లో అందరూ అడిగే రోబుస్టో ఐదు అంగుళాల పొడవు, 50 లావు. పాతకాలపు కొరోనా 42 లావు. చూడటానికి తేడా చిన్నదే, కానీ అడ్డంగా కోసి చూస్తే 50 లావు సిగార్‌లో 42 దానికంటే 40 శాతానికి పైగా ఎక్కువ పొగాకు పడుతుంది. పొగాకు తగ్గితే ధర తగ్గుతుంది. పై ఆకే రుచిలో పెద్ద వాటా ఇస్తుందని ఈ పని తెలిసినవాళ్ళు అంటారు. సన్నటి సిగార్‌లో దాని వాటా ఎక్కువ. అందుకే అదే పేరులో లావు సిగార్ కంటే సన్నటిది చవకగానూ, నా నాలుకకు మరింత రుచిగానూ అనిపించింది. మయామీలో 1964లో మొదలైన పాద్రోన్ వాళ్ళ పాత వరసలో లోండ్రెస్ అనే 42 లావు సిగార్ ఉంది. ఆ పేరు మీద వచ్చే ఖరీదైనవి కొనలేనివాళ్ళు ముందు దాన్ని రుచి చూడాలి. లావు సిగార్ల మోజులో ఇలాంటి సైజులు అరల్లోంచి తగ్గిపోతున్నాయి, అడిగితే తెప్పిస్తారు.

మరో దారి, పట్టీ లేని కట్టలు. పెట్టెలో పక్కపక్కనే పేర్చే సిగార్లన్నీ ఒకే రంగులో ఉండాలని ఫ్యాక్టరీలు పట్టుదలగా ఉంటాయి. పై ఆకు మీద చిన్న మచ్చ ఉన్నా, రంగు ఒక ఛాయ తేడా పడినా ఆ సిగార్‌ను పక్కన పెడతారు. అలాంటివాటిని ఇరవై, పాతిక చొప్పున కట్టలు కట్టి తక్కువకు అమ్ముతారు. కాల్చేటప్పుడు రంగు తేడా ఎవరికి పట్టింది? పై ఆకు ధరలోనూ తేడాలున్నాయి. కనెక్టికట్ లోయలో లేత రంగు ఆకును గుడ్డ పందిళ్ళ కింద నీడలో పెంచుతారు, దానికి ఖర్చెక్కువ. ఈక్వడార్‌లో అదే విత్తనం మబ్బుల నీడలోనే పెరుగుతుంది. పందిళ్ళు అక్కర్లేదు కాబట్టి చవక పడుతుంది. చవకైన, ఘాటు తక్కువ ఉన్న సిగార్ కావాలంటే ఈక్వడార్ ఆకు ఉన్నది అడగండి.

క్యూబా సిగార్ల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. 1962 నుంచి అమెరికాలో వాటి వ్యాపారం నిషిద్ధం. ఎవరైనా ఇక్కడ అవి అమ్ముతున్నారంటే నకిలీవో, దొంగచాటుగా వచ్చినవో అయి ఉంటాయి. ఇండియా నుంచి తిరిగి వస్తూ దుబాయ్ విమానాశ్రయంలో కొని తెచ్చుకోవచ్చని మనవాళ్ళలో ఒక నమ్మకం ఉంది. ఒకప్పుడు సొంత వాడకానికి అనుమతించారు కానీ 2020 సెప్టెంబరులో ఆ వెసులుబాటు తీసేశారు. ఇంకో దేశంలో కొన్నా తేకూడదు. నికరాగువా ఆకు రుచి మరిగాక నాకు ఆ లోటు అసలు తెలియలేదు.

పోస్టులో పెట్టెకు పెట్టె తెప్పించుకుంటే చవకే కదా అని అడగవచ్చు. నా వరకు అది చవక కాదు. నేను వారానికి ఒకటి, ఎప్పుడైనా రెండు కాలుస్తాను. ఇరవై సిగార్ల పెట్టె వస్తే అది నచ్చినా నచ్చకపోయినా నెలల తరబడి అదే కాల్చాలి. నచ్చకపోతే మిగిలినవన్నీ దండగ. దుకాణంలో ఒక్కటి కొనవచ్చు, చేత్తో పట్టుకుని మెత్తదనం చూడవచ్చు, నచ్చకపోతే మళ్ళీ కొనకుండా ఉండవచ్చు. ఒకసారి నాకు ఇచ్చిన సిగార్‌లో లోపలి ఆకు ముడిపడి పొగ రాలేదు. పెద్దాయన దాన్ని తీసుకుని చూసి, ఏమీ అడగకుండా మరొకటి చేతిలో పెట్టారు. దూరం నుంచి తెప్పించుకున్నదానికి ఈ న్యాయం జరగాలంటే ఎన్ని ఉత్తరాలు రాయాలో! ఒక్కో సిగార్ మీద మూడు డాలర్లు ఎక్కువ పెట్టి, నచ్చనివి కొనకుండా ఉండటంలో నాకు ఏడాదికి మిగిలిందే ఎక్కువ.

ఇంట్లో నిలవ ఉంచడానికి ఖరీదైన చెక్కపెట్టె కొనమని ఆయన ఎన్నడూ చెప్పలేదు, ఆయన దుకాణంలోనే అవి అమ్మకానికి ఉన్నా. “గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చుకోండి, అందులో తేమ సంచి ఒకటి వేయండి” అన్నారు. తేమను తనలోకి పీల్చుకుని, అవసరమైనప్పుడు వదిలే చిన్న సంచులు కొద్ది డాలర్లకే వస్తాయి. 65 శాతం, 69, 72 అని వాటి మీద రాసి ఉంటుంది. నేను 65 వాడతాను. 72 దగ్గర సిగార్ ఉబ్బి సరిగా కాలడంలేదు. న్యూజెర్సీ చలికాలంలో ఇంట్లో హీటర్ వేస్తే గాలి ఎండిపోతుంది, బయట పెట్టిన సిగార్ కొన్ని రోజుల్లోనే పై ఆకు చిట్లి పనికిరాకుండా పోతుంది. ఎండాకాలంలో బెడద వేరు. పొగాకు పురుగు గుడ్లు ఆకులో ఉంటే వేడికి పొదిగి, సూదితో పొడిచినట్టు రంధ్రాలు చేసుకుంటూ పోతాయి. డబ్బాను నేల మాళిగలో, చల్లటి చోట పెట్టుకోవాలి. ఎండలో నిలబెట్టిన కారులో ఎప్పుడూ వదలకూడదు.

ఇప్పుడు ఆ దుకాణంలో ఉన్న నాలుగు కుర్చీల గురించి చెప్పాలి. మేముండే అపార్ట్‌మెంటులో పొగ తాగకూడదని ఒప్పందంలోనే ఉంది. ఇంట్లో పిల్లలున్నారు, ఒప్పందం లేకపోయినా నేను అక్కడ వెలిగించను. న్యూజెర్సీలో 2006లో వచ్చిన చట్టం ఆఫీసుల్లో, హోటళ్ళలో, బార్లలో పొగను నిషేధించింది, పొగాకు అమ్మకమే ప్రధానంగా బతికే దుకాణాలకు మినహాయింపునిచ్చింది. జనవరిలో బయట మంచు పడుతుంటే సిగార్ కాల్చుకోవడానికి నాలాంటివాడికి ఉన్న చోటు అదొక్కటే. ఆ కుర్చీలకు అద్దె లేదు. ఆ ఖర్చు కూడా ఎనిమిది డాలర్లలోనే ఉంది.

అక్కడే గుంటూరు ఆయన పరిచయమయ్యారు. నాకంటే పెద్దవారు, నేను అన్నా అంటాను, ఆయన నన్ను తమ్ముడూ అంటారు. వాళ్ళ నాన్నగారు వర్జీనియా పొగాకు పండించేవారు. ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ గదిలో రాత్రింబవళ్ళు మంట చూసుకుంటూ, ఆకు పసుపుపచ్చగా మారేదాకా కాపలా ఉండటం, తరవాత వేలం కేంద్రంలో ధర కోసం ఎదురుచూడటం ఆయన చిన్నతనమంతా. పొగాకు బోర్డు 1976లో వచ్చిందని, అంతకుముందు రైతును అడిగే దిక్కే ఉండేది కాదని వాళ్ళ నాన్నగారు చెప్పేవారట. ఆ ఆకు సిగరెట్లకు వెళ్తుంది, సిగార్‌కు పనికిరాదు. “మీది లంక ఆకు తమ్ముడూ, మాది బ్యారన్ ఆకు. ఇద్దరం కలిసి ఈ ఎస్టెలీ ఆకు కాలుస్తున్నాం” అని నవ్వారు. పెద్దాయనకు ఈ సంగతులన్నీ ఇంగ్లీషులో చెప్పాం. ఆయన లేచి వెళ్ళి ఒక ఎండుటాకు తెచ్చి మా చేతిలో పెట్టి, మేము ఈనెను ఎలా తీస్తామో చూపించమన్నారు. గుంటూరు అన్న వెనక్కి తగ్గారు, నేను చూపించాను. వాళ్ళమ్మ పనిచేసిన ఫ్యాక్టరీలో కూడా చేతి వేళ్ళను అలాగే తిప్పుతారని పెద్దాయన అన్నారు. ఆ సాయంత్రం నాకు ఎంతో సంతోషం కలిగింది.

ఆరోగ్యం గురించి దాచకుండా చెప్పాలి. సిగార్ పొగను గుండెల్లోకి పీల్చకపోయినా నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ ముప్పు ఉంటుంది. మన ప్రాంతంలోనే దీనికి పెద్ద సాక్ష్యం ఉంది. శ్రీకాకుళం వైపు నిప్పు ఉన్న కొనను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు ఆడవాళ్ళలో ఎక్కువ. 1971లో అచ్చయిన ఒక అధ్యయనంలో 10 వేల మందికి పైగా గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి, ఈ అలవాటు అంగిలిని ఎలా పాడుచేస్తుందో వైద్యులు నమోదు చేశారు. అందుకే నేను అలవాటును వారాంతానికే కట్టేశాను. నోట్లో పుండ్లు, మచ్చలు ఉన్నాయేమో చూడమని పళ్ళ డాక్టరును ప్రతిసారీ అడుగుతాను. పొగ తాగనివాళ్ళెవరూ ఇది చదివి మొదలుపెట్టవద్దు. దుకాణం కూడా 21 ఏళ్ళు నిండనివాళ్ళకు అమ్మదు. 2019 డిసెంబరు నుంచి దేశమంతటా అదే చట్టం. తక్కువ కాల్చాలనుకునేవాడికే మంచి సిగార్ కావాలి. రోజుకు నాలుగు కాల్చేవాడు ధర చూస్తాడు, వారానికి ఒకటి కాల్చేవాడు రుచి చూస్తాడు.

ఇలాంటి దుకాణం నిలబడాలంటే కొనేవాళ్ళు ఏం చేయాలో నాకు కొంత స్పష్టంగా తెలిసింది. ఆ కుర్చీలో కూర్చుంటే ఆ దుకాణంలో కొన్నదే కాల్చాలి. పోస్టులో తెప్పించుకున్నదాన్ని జేబులోంచి తీసి అక్కడ వెలిగించడం, నాకు చూడటానికే బాధగా ఉంటుంది. ఫోనులో పెన్సిల్వేనియా ధర చూపించి అదే ధరకు ఇమ్మని అడగడం కూడా అంతే. పన్ను ఆయన చేతిలో లేదు. సిగార్ కొన కోసే కట్టరు, లైటరు, తేమ సంచులు కూడా అక్కడే కొనాలి; ఆ టోకు పన్ను వాటి మీద పడదు కాబట్టి ధరలో అంత తేడా ఉండదు. ఒక్క సిగార్ కొన్నప్పుడు నగదు ఇస్తే కార్డు కంపెనీ తీసుకునే భాగం ఆయనకు మిగులుతుంది. ఒక సిగార్ బాగా నచ్చి పెట్టె మొత్తం కావాలనిపిస్తే ఆయనకే ముందుగా చెప్పండి. చాలా దుకాణాలు పెట్టె మీద పది శాతం దాకా తగ్గిస్తాయి. ఇంకొకటి, సిగార్‌ను ముక్కుకు ఆనించి వాసన చూసి మళ్ళీ అరలో పెట్టకూడదు. తరవాత కొనేవాడు దాన్ని నోట్లో పెట్టుకుంటాడు.

ఈ వ్యాపారం ఎప్పుడు ఎటు పోతుందో అని పెద్దాయనకు చాలాకాలం బెంగగా ఉండేది. 2016లో ఫెడరల్ ఆహార, ఔషధ సంస్థ సిగార్లను కూడా తన నియంత్రణలోకి తెచ్చింది. చేత్తో చుట్టిన కొత్త రకాలు అమ్మాలంటే ఒక్కొక్కదానికీ అనుమతి పొందాలని ఆ నియమం. పెద్ద సిగరెట్ కంపెనీ ఆ ఖర్చు భరించగలదు; ఎస్టెలీలో పదిమంది పనివాళ్ళతో నడిచే ఫ్యాక్టరీ భరించలేదు. 2023 ఆగస్టులో వాషింగ్టన్‌లోని ఫెడరల్ కోర్టు, చేత్తో చుట్టిన ప్రీమియం సిగార్ల మీద ఆ నియమాన్ని కొట్టేసింది, 2025 జనవరిలో అప్పీలు కోర్టు ఆ తీర్పును చాలావరకు నిలబెట్టింది. ఆ వార్త వచ్చిన వారం దుకాణంలో అందరి ముఖాల్లో వెలుగు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ఇంకో దెబ్బ. నికరాగువా సరుకు మీద 18 శాతం, డొమినికన్ రిపబ్లిక్, హోండురాస్ సరుకు మీద 10 శాతం దిగుమతి సుంకం ప్రకటించారు. కొన్ని కంపెనీలు ధరలు పెంచుతున్నట్టు ఉత్తరాలు పంపాయి. పెద్దాయన పాత ధరకు కొన్న సరుకు అయిపోయేదాకా పాత ధరకే అమ్మారు. చేసిన పనిని ఎక్కడా చాటుకోలేదు. అర మీద ధర చీటీ మారకపోవడం చూసి మేమే గమనించాం.

ఎడిసన్, ఐస్‌లిన్, పిస్కాటవే ప్రాంతాల్లో ఉండి కొత్తగా దుకాణానికి వెళ్ళేవాళ్ళు శనివారం సాయంత్రం వెళ్ళవద్దు, అప్పుడు రద్దీ. యజమానికి మాట్లాడే తీరిక ఉండదు. వారం మధ్యలో వెళ్ళండి. తేమ ఎంత ఉందో చూడండి. మీరు పెట్టదలచిన డబ్బు ఎంతో పైకి చెప్పండి. ముందే ఒక పేరు అనుకుని వెళ్ళకుండా, సన్నటి సైజులో ఏమున్నాయో అడగండి. ఒకటి అక్కడే కూర్చుని కాల్చండి, ఒకటి ఇంటికి తెచ్చుకుని నెల తరవాత కాల్చి చూడండి. రెండుసార్లూ బాగుంటే ఆ సిగార్ మీదే.

మా దుకాణంలో కొరోనా సైజు అడిగేవాళ్ళు తక్కువ కావడంతో పంపిణీదారు వాటిని తేవడం మానేశాడు. పెట్టె మొత్తం అమ్ముడవుతుందని హామీ ఉంటే తెప్పిస్తానని పెద్దాయన అన్నారు. సగం నేను, సగం గుంటూరు అన్న తీసుకుంటామని డబ్బు ముందే కట్టాం. పెట్టె వచ్చే వారం వస్తుంది.